మిర్చి యార్డులో మూడు పాత్రల సన్నివేశం: స్టోరీబోర్డు ఎక్కడ తప్పుతోంది?

ఓరుగల్లు ఫ్రేమ్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను హన్మకొండలో మాస్ కమ్యూనికేషన్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టులో భాగంగా మా బృందం 12 నిమిషాల లఘుచిత్రం తీయవలసి ఉంది. కథకు ఆయువుపట్టు లాంటి రెండున్నర నిమిషాల సన్నివేశం ఎనుమాముల మార్కెట్ మిర్చి యార్డులో జరుగుతుంది. దానికి నేను గీసిన స్టోరీబోర్డు (తీయబోయే షాట్లను వరుసగా చూపే బొమ్మలు) పని చేయడం లేదు, ఎందుకు పని చేయడం లేదో నాకే తెలియడం లేదు కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను.

సన్నివేశం ఇది. ఒక రైతు 12 బస్తాల మిర్చితో యార్డుకు వచ్చి, రాత్రంతా బస్తాల మీదే పడుకున్నాడు. తెల్లవారాక డిగ్రీ చదువుతున్న కూతురు సద్ది తీసుకొని వస్తుంది. జెండాపాటలో (ఆనాటి మేలైన సరుకుకు జరిగే వేలంలో) క్వింటాలుకు 14,000 పలికిందని వినగానే, ఆమె ఫోన్‌లో తమ సరుకు లెక్క వేస్తుంది: బస్తాకు 40 కిలోల చొప్పున 4.8 క్వింటాళ్లు, 67,200 రూపాయలు. తరువాత ఖరీదుదారు వీరి బస్తాల దగ్గరకు వచ్చి, గుప్పెడు కాయలు తీసి చూసి, తాలు ఉందని, తేమ ఆరలేదని చెప్పి 11,500 అంటాడు. తండ్రి "గింతకేనా సేటూ" అని ఒక్క మాట అని ఊరుకుంటాడు, ఆపై ఒప్పుకుంటాడు. కూతురు ఫోన్‌లోని లెక్కను చెరిపేస్తుంది. మాటలు ఇంతే.

దీనికి నేను 34 బొమ్మలు గీశాను. మా గైడ్ సార్ చూసి, "ఇది స్టోరీబోర్డు కాదు, బొమ్మల కథ. ఏం జరుగుతుందో గీశావు, కెమెరా ఎక్కడ ఉంటుందో గీయలేదు" అన్నారు. ఆ మాట పూర్తిగా అర్థం కాలేదు. పోయిన ఆదివారం మైదానంలో కుర్చీలను బస్తాలుగా పేర్చుకొని, ఫోన్లతో ఒక మచ్చు చిత్రీకరణ చేసి చూశాం. కూర్చి చూస్తే తండ్రి, ఖరీదుదారు ఎదురెదురుగా మాట్లాడుకుంటున్నట్టు కాకుండా ఇద్దరూ కుడివైపున్న మూడో మనిషితో మాట్లాడుతున్నట్టు వచ్చింది. కూతురైతే ఒక్కో షాటులో ఒక్కో పక్కన ఉన్నట్టు అనిపించింది. బొమ్మల్లో మాత్రం అంతా సరిగ్గానే ఉంది.

ఇంకో రెండు ఇబ్బందులు ఉన్నాయి. మా నలుగురిలో ఎవరికీ బొమ్మలు వేయడం రాదు. నేను వేసిన మనుషులు అందరూ ఒకేలా ఉంటారు, అందుకని తండ్రి నెత్తిన తలపాగా పెట్టాను. రెండోది, యార్డు మా చేతిలో ఉండే చోటు కాదు. సీజనులో బస్తాలు, బండ్లు, హమాలీలు, ఎవరు ఎప్పుడు ఫ్రేములోకి వస్తారో చెప్పలేం. అటువంటి చోటికి ముందే గీసుకొని పోవడం వల్ల ప్రయోజనం ఉంటుందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి. మా దగ్గర ఉన్నది 18-55 మిల్లీమీటర్ల లెన్సు ఉన్న మామూలు కెమెరా, తీసేది 16:9లో. బోర్డు ఫోటోలు కింద పెట్టాను.


కాజీపేట్ జంక్షన్:

తమ్ముడూ, నీ బొమ్మలు చూశాను. నేను అసిస్టెంట్ డైరెక్టరుగా కొన్నేళ్లు పని చేసి, ఇప్పుడు ప్రకటనలు, పెళ్లి వీడియోలు తీసుకుంటూ బతుకుతున్నాను. మీ సార్ చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. అయితే ఆయన చెప్పకుండా వదిలేసిన సంగతి ఒకటి ఉంది: స్టోరీబోర్డుకు ముందు గీయవలసింది పటం. పైనుంచి పిట్ట చూసినట్టుగా నేల పటం గీసి, అందులో మనుషులను మూడు సున్నాలుగా, కెమెరాను ఒక చిన్న త్రికోణంగా పెట్టుకున్న తరువాతే ఫ్రేములు మొదలుపెట్టాలి. ఆ పటం లేకుండా గీసిన 34 బొమ్మలూ, దారి తెలియకుండా ఎక్కిన 34 బస్సులే.

నీ మచ్చు చిత్రీకరణలో ఏం జరిగిందో పటం గీసి చూస్తే తేలిపోతుంది. తెర కుడిఎడమలను గుర్తు పెట్టుకోవడానికి దిక్కులతో చెబుతాను. నడుమ నోరు విప్పిన బస్తా ఉంది. దానికి పడమట తండ్రి, తూర్పున ఖరీదుదారు ఉన్నారు. వారిద్దరికీ ఉత్తరాన, బస్తాల గుట్ట మీద కూతురు కూర్చుంది. దక్షిణాన నడిచే దారి. దారిలో నిలబడి తండ్రిని తీస్తే ఆయన తెర మీద కుడివైపుకు చూస్తాడు. ఇప్పుడు ఖరీదుదారును కూడా అదే దక్షిణపు వైపు నుంచి తీస్తే, అతను ఎడమవైపుకు చూస్తాడు, మాట కుదురుతుంది. మీ కెమెరామన్ ఏం చేసి ఉంటాడంటే, ఖరీదుదారు ముఖం బాగా కనిపించాలని కుర్చీల వెనుక నుంచి, అంటే ఉత్తరం నుంచి తీసి ఉంటాడు. అక్కడి నుంచి చూస్తే తూర్పున ఉన్నవాడు పడమటికి చూసినా తెర మీద కుడివైపుకే చూస్తాడు. అందుకే ఇద్దరి చూపూ ఒకే దిక్కుకు పోయింది. ఇద్దరు మనుషుల మధ్య ఒక గీత ఉందనుకొని, కెమెరా ఎప్పుడూ దానికి ఒకే వైపున, ఆ 180 డిగ్రీల అర్ధవృత్తంలోనే ఉండాలనే నియమం దీనికోసమే పుట్టింది. పాఠంలో నువ్వు చదివే ఉంటావు, కానీ బొమ్మలో అది కనిపించదు, పటంలోనే కనిపిస్తుంది.

ముగ్గురు ఉన్నప్పుడు గీత ఒకటి కాదు, మూడవుతాయి. అన్నింటినీ కాపాడాలనుకుంటే పిచ్చెక్కుతుంది. సన్నివేశంలో ఏ ఇద్దరి మధ్య లాగులాట నడుస్తోందో ఆ గీతను పట్టుకొని మూడో మనిషిని దానికి అనుగుణంగా చూపించుకోవాలి. ఇక్కడ తండ్రి, ఖరీదుదారుల గీతే అసలు గీత. కెమెరా దక్షిణాన ఉంటే కూతురు వారిద్దరి నడుమ, కొంచెం లోపలగా, మనవైపుకు ముఖం పెట్టి కనిపిస్తుంది. తెర మీద ఆమె ఎడమకు చూస్తే నాన్న, కుడికి చూస్తే సేటు. ఒక్క వైడ్ షాటులో ఇది ప్రేక్షకుడికి తెలిసిపోతే, ఆ తరువాత ఆమె క్లోజప్‌లో కనుపాపలు కదిలినా చాలు.

ఇక నేనైతే చేసే పని ఒకటి చెబుతాను, నచ్చితే తీసుకో. ఖరీదుదారు ధర చెప్పిన తరువాత అక్కడే నిలబడి జవాబు కోసం ఎదురు చూడకూడదు. చేతిలోని కాయలను బస్తాలో పడేసి, తండ్రి ముందు నుంచి కుడి నుంచి ఎడమకు నడిచి పక్క రైతు బస్తాల దగ్గరకు పోవాలి. తండ్రి చూపు అతని వెంట తిరుగుతుంది. షాటు తెగకుండా జరుగుతుంది కాబట్టి గీత మారిన సంగతి ప్రేక్షకుడు తన కళ్లతోనే చూస్తాడు, తికమక ఉండదు. ఆ ఒప్పుకోలును తండ్రి అతని వీపుకు చెబుతాడు. అప్పటినుంచి తెర మీద కూతురికి ఇద్దరూ ఎడమవైపే ఉంటారు, కుడివైపు ఖాళీ. కెమెరా అంగుళం కదలదు, ట్రాక్ (కెమెరాను జరిపే పట్టాలు) అక్కర్లేదు, అద్దె ఖర్చు లేదు.

రద్దీ చోటుకు గీసుకొని పోవడం వల్ల ప్రయోజనం ఉంటుందా అని అడిగావు. అటువంటి చోటికే ఎక్కువ ప్రయోజనం. స్టూడియోలో మరిచిపోతే మళ్లీ తీసుకోవచ్చు, యార్డులో ఆ బస్తాలు మధ్యాహ్నానికి లారీ ఎక్కుతాయి. పైగా మార్కెట్ కార్యదర్శి దగ్గరకు అనుమతి కోసం పోయినప్పుడు ఈ పటం, ఫ్రేములు చూపించి "మేము ఈ మూలనే ఉంటాము, దారికి అడ్డం రాము" అని చెబితే పని సులువవుతుంది. ఉత్త చేతులతో పోతే న్యూస్ చానల్ వాళ్లనుకొని భయపడతారు.


గీతల మనిషి:

నేను కరీంనగర్‌లో ఉంటూ ప్రకటన చిత్రాలకు స్టోరీబోర్డులు గీస్తాను. పై సోదరుడు పటం గురించి చెప్పినది వివరంగా ఉంది, దానికి నేను చేర్చేది లేదు. బొమ్మలు రావనే మాట గురించి మాత్రం రాస్తాను.

బాపు గారు తమ సినిమాలకు బొమ్మలు వేసుకునేవారని అందరూ చెప్పుకుంటారు. దాన్ని చూసి స్టోరీబోర్డు అంటే అందమైన బొమ్మలు ఉండాలనుకోవడం మన పిల్లలకు అలవాటయింది. ఆయన చిత్రకారులు కాబట్టి ఆయన గీత అలా వచ్చింది. నీ బోర్డు నీ కెమెరామన్‌కు అర్థమైతే చాలు. తలకు ఒక సున్నా, ఆ సున్నాకు ముక్కు ఎటు ఉందో చెప్పే ఒక చిన్న గీత, భుజాలకు ఒక అడ్డగీత. ముక్కు గీత ఒక్కటి పెట్టి ఉంటే నీ ఖరీదుదారు ఎటు చూస్తున్నాడో కాగితం మీదే తెలిసిపోయేది. నువ్వు తలపాగా, మీసాలు, బస్తా మీది కుట్టు కూడా గీశావు గాని, 34 బొమ్మల్లో 20 బొమ్మల్లో ముక్కు లేదు.

డబ్బా కొలత ముందు సరిచేసుకోవాలి. నువ్వు చతురస్రం లాంటి డబ్బాల్లో గీశావు, తీసేది మాత్రం 16:9లో, అంటే వెడల్పు 16 పాళ్లు, ఎత్తు 9 పాళ్లు. ఏ4 కాగితాన్ని నిలువుగా పెట్టి, 8 సెంటీమీటర్ల వెడల్పు, 4.5 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న డబ్బాలు వరుసకు రెండు చొప్పున మూడు వరుసలు గీస్తే, ఒక్కో డబ్బా కింద రెండు మూడు పంక్తులు రాసుకోవడానికి చోటు మిగులుతుంది. ఆ పంక్తుల్లో షాటు సంఖ్య, మాట, శబ్దం రాయాలి. మనిషి కదిలితే బాణం డబ్బా లోపల, కెమెరా కదిలితే బాణం డబ్బా బయట. ఒక షాటు లోపలే చాలా మార్పు జరిగితే దానికి రెండు మూడు బొమ్మలు వేసి 7అ, 7ఆ అని పేరు పెట్టాలి. ఖరీదుదారు కుడి నుంచి ఎడమకు నడిచే షాటుకు అలా మూడు బొమ్మలు కావాలి: బయలుదేరేటప్పుడు, తండ్రికి అడ్డం వచ్చినప్పుడు, దాటిన తరువాత.

ఇప్పుడు నా వృత్తిలోని ఒక దొంగతనం చెబుతాను. కాగితం మీద బొమ్మ అబద్ధం చెప్పడం చాలా తేలిక. నీ 16వ ఫ్రేము చూడు. ముందు కూతురి ముఖం పెద్దగా ఉంది, ఆమె వెనుక తండ్రి కూడా దాదాపు అంతే పెద్దగా, నడుము వరకు కనిపిస్తున్నాడు. అందంగా ఉంది. అది ఏ లెన్సుతో వస్తుందో ఆలోచించావా? మీ దగ్గర ఉన్నది 18-55 లెన్సు ఉన్న మామూలు కెమెరా అన్నావు కాబట్టి సెన్సరు (కెమెరా లోపల బొమ్మ పడే పలక) వెడల్పు సుమారు 23.5 మిల్లీమీటర్లు అనుకుందాం. ఆ అంకెను మనిషికి, కెమెరాకు మధ్య దూరంతో గుణించి, లెన్సు మిల్లీమీటర్లతో భాగిస్తే ఆ దూరంలో ఫ్రేములో పట్టే వెడల్పు వస్తుంది. 50 దగ్గర పెట్టి 2 మీటర్ల దూరంలో నిలబడితే 94 సెంటీమీటర్లు పడుతుంది; కూతురి తల, భుజాలు సరిపోతాయి, ఇంకో 2 మీటర్లు వెనుక ఉన్న తండ్రి కూడా ఓ మాదిరి పెద్దగానే ఉంటాడు. అదే వెడల్పును 18తో తీయాలంటే కెమెరా ఆమె ముఖానికి 70 సెంటీమీటర్ల దగ్గరకు రావాలి. అప్పుడు ఆమె ముక్కు ఉబ్బుతుంది, వెనుక తండ్రి ఇందాకటి పరిమాణంలో సగానికి పడిపోతాడు. రెండు వరుసల బస్తాల మధ్య వెనక్కి జరగడానికి ఎన్ని అడుగులు దొరుకుతాయో టేపుతో కొలిచి వచ్చి, ఆ తరువాత 16వ ఫ్రేము గీయి. దూరం దొరకకపోతే ఆ బొమ్మను వదులుకోవలసిందే.

ఇంకొక్క మాట. ప్రతి డబ్బాలో ముందుగా ఒక అడ్డగీత గీయడం అలవాటు చేసుకో. అది కెమెరా ఎత్తు. సమతలంగా ఉన్న నేల మీద, కెమెరాను వంచకుండా పెడితే, దగ్గరి మనిషికైనా దూరపు మనిషికైనా ఆ గీత శరీరం మీద ఒకే ఎత్తులో తగులుతుంది. నిలబడిన మనిషి కంటి ఎత్తులో కెమెరా ఉంటే అందరి కళ్లూ ఆ గీత మీదే ఉంటాయి. నడుము ఎత్తులో ఉంటే అందరి నడుములూ దాని మీదకు వస్తాయి, తండ్రి, ఖరీదుదారు ఇద్దరూ గోడల్లా పైకి లేస్తారు. నీ బొమ్మల్లో ప్రతి ఫ్రేమూ ఛాతీ ఎత్తులోనే ఉంది. కావాలని పెట్టావా, అలవాటుగా వచ్చిందా అన్నది నువ్వే తేల్చుకోవాలి.


మిర్చి బిడ్డ:

నాకు సినిమా తెలియదు. మాది నర్సంపేట వైపు పల్లె. చిన్నప్పటి నుంచి మా బాపుతో (నాన్నతో) కలిసి యార్డుకు పోయేదాన్ని కాబట్టి బొమ్మల్లో కనిపించిన కొన్ని పొరపాట్లు చెప్పాలనిపించింది.

మొదటిది వరుస. నీ 14వ బొమ్మలో బస్తా కాంటా మీద ఉంది, 18వ బొమ్మలో ఖరీదుదారు ధర చెబుతున్నాడు. అట్లా ఉండదు. ముందు ధర కుదరాలి, ఆ తరువాతే కాంటా. హమాలీలు బస్తాలు ఎత్తుతారు, దడ్వాయి తూకం రాస్తాడు, చివరకు అడ్తిదారు (కమీషన్ ఏజెంటు) దుకాణంలో తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) చేతికి వస్తుంది. జెండాపాట కూడా మీ రైతు బస్తాల ముందు జరగదు. ఆనాడు యార్డుకు వచ్చిన వాటిలో మేలైన సరుకు దగ్గర జరుగుతుంది, వ్యాపారులంతా అక్కడే గుమిగూడతారు. అక్కడ పలికేది ఆనాటి అతి పెద్ద ధర. మిగతా బస్తాలకు సరుకును బట్టి తగ్గించుకుంటూ పోతారు. మీ కథ అంతా ఆ తేడా మీదే నిలబడి ఉంది కదా, అది చూసేవాళ్లకు తెలియాలంటే జెండాపాట జరిగే గుంపు ఒక చోట, మీ రైతు బస్తాలు దూరంగా ఇంకో చోట ఉండాలి. నువ్వు రెండింటినీ ఒకే బొమ్మలో పెట్టావు.

రెండోది చేయి. ఖరీదుదారు పైన ఉన్న కాయలు తీసుకుంటున్నట్టు గీశావు. సరుకు తెలిసినవాడు పై కాయ చూసి ఊరుకోడు. బస్తా నోట్లోకి మోచేతి దాకా చెయ్యి పోనిచ్చి, లోపలి నుంచి గుప్పెడు లాగుతాడు. అరచేతిలో పరిచి రంగు వెలిసిన తాలు కాయలు ఎన్ని ఉన్నాయో చూస్తాడు. ఒక కాయను చెవి దగ్గర ఆడిస్తే, ఆరిన కాయలో గింజలు గలగలమంటాయి. విరిస్తే పెళుసుగా విరగాలి. తేమ ఉన్న కాయ విరగదు, వంగుతుంది. మీ సేటు "తేమ ఉంది" అని నోటితో చెప్పే పని కూడా లేదు, ఆ కాయను రెండు వేళ్ల నడుమ వంచి తండ్రికి చూపిస్తే చాలు. ఆ వంగిన కాయ ఒక్కటి దగ్గరగా చూపించండి. మా బాపు ముఖం వాడిపోయేది ఆ కాయ చూసినప్పుడే, ధర విన్నప్పుడు కాదు.

ఏ రకం మిర్చి అన్నది కూడా ముందే అనుకోండి. తేజ అయితే సన్నగా ఉంటుంది, ఘాటు ఎక్కువ. చపాటా అయితే పొట్టిగా, లావుగా, టమాటా లాగా ఉంటుంది, కారం తక్కువ, రంగు ఎక్కువ. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది దానికే. ఒక బొమ్మలో సన్నకాయ, ఇంకో బొమ్మలో లావుకాయ కనిపిస్తే మా ఊళ్లో నవ్వుతారు.

మూడోది 29వ బొమ్మ. తండ్రి అరచేత్తో కళ్లు తుడుచుకుంటున్నాడు. మిర్చి ముట్టిన చేత్తో ఎవరూ కళ్లు ముట్టుకోరు, ముట్టుకుంటే గంట సేపు కన్ను తెరవలేరు. మా ఇళ్లలో ఏరుబడి (కాయలు ఏరే పని) సాగే రోజుల్లో చంటిపిల్లను ఎత్తుకోవాలన్నా భయమే. కళ్లు తుడుచుకోవాలంటే ముఖాన్ని భుజానికి రాసుకుంటారు, లేదా భుజం మీది తువ్వాల లోపలి కొసతో అద్దుకుంటారు. మిర్చి ఘాటుకు యార్డులో అందరి కళ్లూ ఎలాగూ ఎర్రగానే ఉంటాయి. ఆయన ఏడుస్తున్నాడా, ఘాటుకు నీళ్లు వచ్చాయా అన్నది తెలియకుండా ఉంటేనే నాకు నిజమనిపిస్తుంది.

సేటును సినిమా దొంగ లాగా చూపించకండి. మీసం తిప్పడం, పళ్లు బయటపెట్టడం ఉండదు. ఆయనకు అది రోజువారీ పని. ధర చెప్పేటప్పుడు రైతు ముఖం చూడడు, పక్క బస్తా వైపు చూస్తాడు.


కత్తెర:

ఎడిటింగు నా పని. మిర్చి బిడ్డ గారు రాసినది చదివాక ఈ సన్నివేశానికి కావలసిన క్లోజప్‌లు దొరికినట్టేననిపిస్తోంది. నాకు మిగిలింది లెక్కలే.

రెండున్నర నిమిషాలంటే 150 సెకన్లు. 34 ముక్కలు చేస్తే ఒక్కోటి సగటున నాలుగున్నర సెకన్లు కూడా ఉండదు. "గింతకేనా సేటూ" తరువాతి మౌనమే నీ సన్నివేశానికి ప్రాణం అయితే, దాన్ని ఇన్ని ముక్కల మధ్య ఎక్కడ దాస్తావు? నీ బొమ్మలను ఫోన్‌తో ఫోటోలు తీసి, ఎడిటింగు సాఫ్ట్‌వేరులో వరుసగా పేర్చి, మీ నలుగురి గొంతులతోనే మాటలు చదివి కింద పెట్టు. యార్డు రొద ఒక రోజు ముందే రికార్డు చేసుకొని వచ్చి కలుపు. ఒక సాయంత్రం పని. ఏ బొమ్మ దగ్గర నీకే విసుగు పుడుతుందో దాన్ని తీసేయి. నేను ఫోటోల వరుసలోనే చూసినంతలో 3, 5, 8, 9 బొమ్మలు నాలుగూ ఒకే సంగతిని చెబుతున్నాయి: యార్డు పెద్దది, జనం ఎక్కువ.

ఇక్కడ కాజీపేట్ జంక్షన్, గీతల మనిషి ఇద్దరితో నాకు కొంత భేదం ఉంది. గుంపును, జెండాపాటను బొమ్మలుగా గీయడం కాలయాపన అని నా అభిప్రాయం. ఆ మొదటి 40 సెకన్లకు ఒక జాబితా రాసుకుంటే చాలు: పైకి లేచిన చేతులు, బస్తాల వరుస, దగ్గుతున్న హమాలీ, మూతికి కట్టుకున్న రుమాలు. అక్కడ దొరికింది దొరికినట్టు తీసుకోవాలి. గీతలు, పటాలు, ముక్కు గీతలు అన్నీ ఖరీదుదారు ఫ్రేములోకి అడుగు పెట్టిన క్షణం నుంచి కావాలి. ఆ భాగం కోసం సెలవు రోజున నాలుగు బస్తాలు పేర్చుకొని అదే షెడ్డులో ప్రశాంతంగా తీసుకోవడానికి అనుమతి అడుగు. అప్పుడు ఏ బొమ్మ రద్దీ రోజుది, ఏ బొమ్మ సెలవు రోజుది అన్నది డబ్బా మూలన రాసి పెట్టుకోవాలి, లేకపోతే రద్దీ రోజున ఖాళీ షాట్లు తీస్తూ కూర్చుంటారు. రెండు రోజులూ ఒకే వేళకు పోవాలని వేరే చెప్పనక్కర్లేదు, రేకుల షెడ్డు అంచు నుంచి లోపలికి పడే ఎండ గంటకో చోట ఉంటుంది.

నీ 21, 22 బొమ్మలు రెండూ తండ్రి ముఖమే, ఒకే వైపు నుంచి, రెండోది కొంచెం పెద్దగా ఉంది. అవి పక్కపక్కన పెడితే తండ్రి ఎగిరిపడ్డట్టు ఉంటుంది. కోణం కనీసం 30 డిగ్రీలు మార్చు, లేదా పరిమాణం బాగా మార్చు, లేదా నడుమ ఆ వంగిన మిర్చికాయ పెట్టు. నన్నడిగితే మూడోదే చేయి.

మరిచిపోయాను, ఎరుపు. ఫ్రేము నిండా మిర్చి ఉన్నప్పుడు ఎండలో ఆ ఎరుపు మితిమీరి, కాయకూ కాయకూ మధ్య తేడా పోయి రంగు ముద్దలా వస్తుంది. ఎడిటింగులో దాన్ని నేను బాగు చేయలేను. ఆ బొమ్మల పక్కన "ఎక్స్‌పోజరు తగ్గించాలి" అని, అంటే కెమెరాలోకి వచ్చే వెలుతురు తగ్గించాలని రాసి పెట్టుకో.


ఓరుగల్లు ఫ్రేమ్:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. వారం రోజులు జవాబు రాయకపోవడానికి కారణం, చెప్పినవన్నీ చేసి చూసి రాద్దామనుకోవడమే. నిన్న పొద్దున యార్డుకు పోయి టేపుతో కొలిచాను. మేము అనుకున్న మూలన బస్తాల వరుసల మధ్య 2 మీటర్ల 10 సెంటీమీటర్లు ఉంది. కెమెరా స్టాండు, దాని వెనుక మనిషి పోగా మిగిలేది మీటరున్నర కూడా లేదు. 16వ ఫ్రేము తీసేశాను, గీతల మనిషి అన్న చెప్పినట్టే. దాని బదులు కూతురు గుట్ట మీద ఒంటరిగా ఉన్న షాటు పెట్టి, తండ్రి మాట మాత్రం వినిపించేలా మార్చాను.

పటం గీశాక గైడ్ సార్ మాట అర్థమైంది. 34 బొమ్మలు ఇప్పుడు 11 షాట్లకు 19 బొమ్మలయ్యాయి, జెండాపాట భాగం బొమ్మల్లోంచి జాబితాలోకి పోయింది. ఖరీదుదారు కుడి నుంచి ఎడమకు నడిచే షాటును మైదానంలో మళ్లీ తీసి చూశాం. మా స్నేహితుడు సేటుగా నడిచి తండ్రికి అడ్డం వచ్చిన ఒక్క క్షణం తండ్రి ముఖం పూర్తిగా కనిపించకుండా పోతుంది, మళ్లీ కనిపించేటప్పటికి ఆయన చూపు ఎడమకు తిరిగి ఉంటుంది. మేము అనుకొని చేసింది కాదు, కానీ అలాగే ఉంచేశాం. కెమెరాను అన్ని షాట్లలో గుట్ట మీద కూర్చున్న కూతురి కంటి ఎత్తుకే పెట్టాం, ఒక్క వంగిన కాయ షాటు తప్ప.

ఒక్క సందేహం మిగిలింది. చివర్లో ఆమె లెక్కను చెరిపేసే షాటులో 67,200 అనే అంకె కనిపించాలా? కనిపిస్తే మరీ విడమరిచి చెప్పినట్టు ఉంటుందని మా బృందంలో ఇద్దరు అంటున్నారు. కనిపించకపోతే ఏం చెరిపిందో తెలియదని మిగతా ఇద్దరం.


కత్తెర:

అంకెను ఒక్కసారే, మొదట లెక్క వేసినప్పుడే చూపించండి. ఐదంకెల సంఖ్యను చదవడానికి కనీసం రెండు సెకన్లు ఆగాలి, నీ బోర్డులో అక్కడ ఒక్క సెకను రాశావు. ఆ షాటులో ఫోన్ ఏ కోణంలో, ఏ చేతిలో ఉందో చివర కూడా సరిగ్గా అదే కోణంలో, అదే చేతిలో పెట్టు. రెండోసారి ఆమె బొటనవేలు తెర మీద అంకెకు అడ్డంగా ఉండాలి. వేలు తీసేటప్పటికి సున్నా.


మిర్చి బిడ్డ:

ఆ పిల్ల కూడా బస్తాల మీద కూర్చుంది కదా, ఆమె వేలికి కూడా మిర్చి పొడి అంటుకొని ఉంటుంది. ఫోన్ అద్దం మీద ఆ ఎర్రటి మరక ఉండనివ్వండి, తుడవకండి.